బాపట్ల వారసత్వ స్థలాలు: ఒంటరి యాత్రికులకు పరిచయం

బాపట్ల ఆంధ్రప్రదేశ్ కోస్తాలో, సూర్యలంక సముద్రతీరానికి 9 కిలోమీటర్ల ఇవతల ఉన్న పట్టణం. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ 70,777 మంది ఉన్నారు. చాలాకాలం గుంటూరు జిల్లాలో తాలూకా కేంద్రంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న తన పేరుతోనే ఏర్పడిన జిల్లాకు కేంద్రమైంది. పాత పేరు భావపురి. ఊరి నడుమ వెలసిన భావనారాయణస్వామి పేరు మీదుగా వచ్చిన ఆ మాటే నాలుకల మీద అరిగి బాపట్ల అయింది.

పాత బాపట్ల తాలూకాలోని కాకుమాను, పెదనందిపాడు కొత్త విభజనలో గుంటూరు జిల్లాలోనే ఉండిపోయాయి. జిల్లా గీత కాగితం మీద జరిగింది కాని, కాలువలు, వాగులు, చుట్టరికాలు, జ్ఞాపకాలు జరగలేదు. కాకుమాను పొలాల నుంచి బయలుదేరి బాపట్ల, తెనాలి, రేపల్లె వైపు తిరిగే మనిషికి ఈ నేలంతా ఒకటే చరిత్రగా కనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసం జిల్లా సరిహద్దును పెద్దగా పట్టించుకోదు.

ఊరి పోలిక

జిల్లా కేంద్రంలో చారిత్రక స్థలాలు చూడాలంటే యాత్రికులు సాధారణంగా ఒక కూడలి కోసం వెతుకుతారు. ఫిలిప్పీన్స్ దేశంలో అలాంటి కూడలి నిజంగానే దొరుకుతుంది. 1573లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ తన వలస పట్టణాలు ఎలా కట్టాలో శాసించాడు. మధ్యలో ఖాళీ మైదానం, దాని చుట్టూ చర్చి, పాలనా భవనాలు, పెద్దల ఇళ్లు ఉండాలన్నాడు. ఇలోకోస్ సుర్ ప్రావిన్సు రాజధాని వీగన్ ఆ నమూనాకు మంచి సాక్ష్యం. 1999లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఒంటరిగా దిగినవారు బస్సు దిగి మైదానం చేరితే చాలు, ముఖ్యమైనవన్నీ నడకలోనే చుట్టిరావచ్చు.

బాపట్లకు ఆ సౌలభ్యం లేదు. ఇక్కడ ఊరికి నడుమ ఉన్నది గుడి, గుడి చుట్టూ తేరు తిరిగే వీధులు. మిగిలిన చరిత్ర రైలు పట్టాల వెంబడి, కాలువ గట్ల వెంబడి, ఇసుక దిబ్బల మీద 60, 70 కిలోమీటర్ల మేర చెల్లాచెదురుగా పడివుంది. ఒక్క పూటలో చూసేసి పోయే ఊరు కాదిది. రెండు మూడు రోజులు ఉండి, ప్రతి స్థలానికీ విడిగా వెళ్లి, అక్కడ కాసేపు కూర్చోవాలి. తొందరపెట్టే తోడు లేని ఒంటరి మనిషికే ఇది ఎక్కువగా దక్కుతుంది.

భావనారాయణస్వామి ఆలయం

ఆంధ్రదేశంలో పంచ భావనారాయణ క్షేత్రాలని చెప్పుకునే అయిదింటిలో బాపట్ల ఒకటి. సర్పవరం, పట్టిసీమ, భావదేవరపల్లి, పొన్నూరు మిగిలిన నాలుగు. బాపట్ల స్వామిని క్షీర భావనారాయణుడని, పొన్నూరు స్వామిని సాక్షి భావనారాయణుడని పిలుస్తారు. పొన్నూరు కథలో దేవుడు ఒక పేదవాడి పక్షాన సాక్ష్యం చెప్పడానికి కాశీ నుంచి నడిచి వస్తాడు. ఇచ్చిన మాట తప్పిన పెద్దమనిషిని దేవుడే వచ్చి నిలదీసే కథ ఒకటి ఒక రైతు ప్రాంతంలో ఇన్ని శతాబ్దాలు బతికుండటం ఊరికే జరిగింది కాదు.

బాపట్ల గుడిని క్రిమికంఠ చోళుడు కట్టించాడని స్థలపురాణం చెబుతుంది. అది నమ్మకం. చరిత్రకారుడు చేత్తో తడిమి చూడగలిగిన ఆధారం శాసనాలే. ఇక్కడి శాసనాలను దక్షిణ భారత శాసన సంపుటాల్లో అచ్చువేశారు. ఇందులో వెలనాటి చోడుల కాలం, అంటే 12వ శతాబ్దం, ముఖ్యమైనది. ఆ ప్రభువుల రాజధాని చందవోలు ఇక్కడికి దూరం కాదు.

తీరాంధ్ర గుళ్లలో కనిపించే దానశాసనాలు చదవడం ఎలాగో ఒకసారి తెలుసుకుంటే రాతిస్తంభం కొత్త ముఖం చూపిస్తుంది. చాలా శాసనాల సారాంశం ఒకటే: ఫలానా వ్యక్తి తన తల్లిదండ్రుల పుణ్యం కోసం స్వామివారికి అఖండ దీపం పెట్టించాడు, దానికి 55 ఇనుపయెడ్లు ఇచ్చాడు, వాటిని ఫలానా బోయడు పుచ్చుకుని రోజూ మానెడు నెయ్యి పోయాలి. ఇనుపయెడ్లంటే గొర్రెలు. మందలో ముసలివి పోతుంటాయి, పిల్లలు పుడుతుంటాయి, లెక్క మాత్రం 55 గానే ఉంటుంది. చావు లేని మంద కనుక ఇనుము అన్నారు. దాత పేరుతో పాటు కాపరి పేరు కూడా రాతి మీద నిలిచిపోవడం ఈ శాసనాల గొప్పతనం. రాజుల వంశవృక్షాలు వదిలేసి అయినా సరే, ఈ గొల్ల బోయల పేర్లు చదవాలి.

గుళ్లు సాధారణంగా మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు. కట్టడాన్ని చూడాలంటే ఉదయపు ఏటవాలు ఎండలోనే చూడాలి, అప్పుడే చెక్కిన అక్షరం నీడ పడి లేచి కనిపిస్తుంది.

1913 మే 26

బాపట్లలో అన్నిటికన్నా పెద్ద చారిత్రక ఘటన కంటికి కనిపించే కట్టడం కాదు, ఒక సభ. 1913 మే 26న మొదటి ఆంధ్ర మహాసభ ఇక్కడే జరిగింది. అధ్యక్షత వహించినవారు బయ్యా నరసింహేశ్వర శర్మ. అంతకు ముందు సంవత్సరం నిడదవోలులో జరిగిన సమావేశంలో, తెలుగు జిల్లాలన్నిటికీ కలిపి ఒక మహాసభ పెట్టాలని, అది బాపట్లలో పెట్టాలని నిర్ణయించుకున్నారు. మద్రాసు రాజధానిలో తెలుగువారికి చదువుల్లో, ఉద్యోగాల్లో దక్కవలసిన వాటా దక్కడం లేదన్న బాధ ఆ సభకు మూలం.

తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న మాట ఇంత పెద్ద వేదిక మీద చర్చకు వచ్చింది ఇక్కడే. తీర్మానం మాత్రం అప్పుడు నెగ్గలేదు. గంజాం, విశాఖ ప్రాంతాల వారికీ, రాయలసీమ వారికీ సందేహాలున్నాయి. ముందు ప్రజాభిప్రాయం కూడగడదామని ఆ విషయాన్ని పక్కన పెట్టారు. మరుసటి సంవత్సరం, 1914లో న్యాపతి సుబ్బారావు అధ్యక్షతన విజయవాడలో జరిగిన రెండో సభ దాన్ని ఆమోదించింది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక, 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చాయి. బాపట్లలో మాట పుట్టిన 40 ఏళ్లకు రాష్ట్రం పుట్టిందన్నమాట.

ఆ రోజు సందేహించినవారి మాటను కూడా గౌరవంగా గుర్తుంచుకోవాలి. పెద్ద జిల్లాలు తమను మింగేస్తాయేమోనన్న వారి భయం తర్వాతి నూరేళ్లలో తెలుగు రాజకీయాల్లో మళ్లీ మళ్లీ తలెత్తింది. ఆ భయానికి మొదటి గొంతు వినిపించిందీ బాపట్ల సభలోనే. భావనారాయణుడి గుడి ఎంత పాతదైనా, తెలుగు జాతి చరిత్రలో ఈ పట్టణానికి చోటు తెచ్చిపెట్టింది 1913 అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

వ్యవసాయ కళాశాల, సాంబమసూరి

ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో కోయంబత్తూరు తర్వాత వ్యవసాయ కళాశాల వచ్చింది బాపట్లకే, 1945లో. వారసత్వ స్థలాల జాబితాల్లో కళాశాలలను చేర్చడం తక్కువ. బాపట్ల విషయంలో చేర్చకపోతే తప్పు. బియ్యం కొట్లో బస్తా మీద కనిపించే బీపీటీ అన్న మూడక్షరాలు బాపట్ల పేరుకు పొట్టిరూపం. బీపీటీ 5204, అందరూ సాంబమసూరి అనే వంగడం, ఇక్కడ రూపుదిద్దుకుని 1986లో విడుదలైంది. కర్నూలు సోనా పేరుతో అమ్మేదీ ఇదే. సన్నగింజ, మెత్తని అన్నం. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు వంటిళ్లలో ఇంతగా పాతుకుపోయిన రకం ఇంకొకటి చెప్పడం కష్టం.

దాని వంశం చూస్తే ఆసియా అంతా కనిపిస్తుంది. కోయంబత్తూరు పరిశోధకులు ఎంపికచేసిన జీఈబీ 24, తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1, మలేసియాలో పుట్టిన మసూరి కలిసిన సంకరం అది. సాంబమసూరికి ముందే ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్ అనే ఊళ్లో 1960లో పెట్టిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్ 8ను ఇచ్చింది. గోదావరి, కృష్ణా డెల్టా రైతులు దాన్ని ఊరి పంటలా సొంతం చేసుకున్నారు. దిగుబడి బాగుంది కాని, అన్నం గట్టి. రుచి, దిగుబడి రెండూ కావాలన్న రైతు కోరికకు బాపట్ల ఇచ్చిన జవాబు సాంబమసూరి. ఊళ్లో ఏ భోజన హోటల్లో కూర్చున్నా ఆ వారసత్వం విస్తట్లోకే వస్తుంది.

చీరాల వైపు రైలు

విజయవాడ నుంచి మద్రాసు వెళ్లే రైలు మార్గం 1899లో తెరిచారు. ఒంటరి యాత్రికులకు బాపట్ల స్టేషన్‌ను మించిన కూడలి లేదు. దక్షిణానికి పాసింజరు ఎక్కితే స్టూవర్టుపురం, చీరాల, వేటపాలెం, చినగంజాం వరుసగా వస్తాయి. ఒక్కొక్కటి ఒక్కో రకం చరిత్ర.

స్టూవర్టుపురం పేరు వినగానే నవ్వుతూ దొంగల కథలు చెప్పేవారున్నారు. అది మానుకోవాలి. నేరస్థ జాతుల చట్టం కింద, పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన ఎరుకల కుటుంబాలను తీసుకొచ్చి సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో 1910లలో పెట్టిన సెటిల్‌మెంట్ ఇది. మద్రాసు ప్రభుత్వ కార్యవర్గ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. హాజరు వేయించుకోకుండా ఊరు దాటడానికి వీల్లేని బతుకు అది. ఆ చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటినా ముద్ర పూర్తిగా పోలేదు. 1970లలో హేమలతా లవణం ఇక్కడ సంస్కరణ కార్యక్రమం నడిపారు. ఇక్కడ దిగేవారు కెమెరా సంచిలో పెట్టుకుని, ఇది మనుషులు కాపురముంటున్న ఊరని గుర్తుంచుకుని నడవాలి.

చీరాలలో చూడవలసింది మగ్గం, తలచుకోవలసింది 1921. ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఒక్కసారిగా నెత్తిన పడ్డాయి. నేతగాళ్లు, చిన్న రైతులు ఎక్కువగా ఉన్న ఊరు అది. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి, శాసనోల్లంఘన చేయవచ్చు, లేదా ఊరే వదిలిపోవచ్చు అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం రెండో దారి పట్టారు. సుమారు 15,000 మంది ఉన్న ఊళ్లో 13,000 మందికి పైగా ఇళ్లు విడిచి, మునిసిపాలిటీ హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకుని ఎండకూ వానకూ ఓర్చి 11 నెలలు ఉన్నారు. దుగ్గిరాల కూర్చిన రామదండు వాలంటీర్లు కాపలా కాశారు. నాయకుడు జైలుకు పోయాక ఉద్యమం నిలవలేదు. అయినా ఒక ఊరు ఊరంతా ప్రభుత్వానికి వీపు తిప్పి నడిచిపోయిన ఘటన స్వాతంత్ర్య పోరాట చరిత్రలో చాలా అరుదు.

వేటపాలెం సారస్వత నికేతనం ఈ దారిలో అసలైన మజిలీ. 1918 అక్టోబర్ 15న ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి స్థాపించిన గ్రంథాలయం ఇది. 1929లో గాంధీ భవనానికి శంకుస్థాపన చేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్రను ఇక్కడ భద్రపరిచారు. చాలామంది ఆ కర్రను చూసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. కాని సారస్వత నికేతనం ఘనత దాని పాత పత్రికల సంచికలు. ఎక్కడా దొరకని తెలుగు వార్తాపత్రికలు, మాసపత్రికల కోసం దేశం నలుమూలల నుంచీ, విదేశాల నుంచీ పరిశోధకులు ఈ చిన్న ఊరికి వస్తారు. సెలవు రోజు కాకుండా చూసుకుని వెళ్లి, తన తాత పుట్టిన సంవత్సరపు సంచిక ఏదైనా ఇవ్వమని అడిగి చదవడం ఒంటరి యాత్రికుడు చేయగల ఉత్తమమైన పని.

చినగంజాం దగ్గరి మోటుపల్లి ఇప్పుడు ఇసుకలో మౌనంగా ఉన్న ఊరు, ఒకప్పుడు కాకతీయుల రేవు. 1244–45లో గణపతిదేవుడు ఇక్కడ వేయించిన అభయశాసనం భారతీయ వాణిజ్య చరిత్రలో ఎప్పుడూ ప్రస్తావనకు వస్తుంది. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకుల ధనం తమకు వద్దని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని గణపతిదేవుడు రాతి మీద మాట ఇచ్చాడు. ఆ శాసనం వీరభద్రాలయంలో ఉంది. కొన్ని దశాబ్దాల తర్వాత, ఒక రాణి ఏలుబడిలో ఉన్న ముత్ఫిలి రాజ్యం గురించి మార్కోపోలో రాశాడు. అది మోటుపల్లేనని, రాణి రుద్రమదేవి అని పండితులు గుర్తించారు. అక్కడి సన్నని నేతను సాలెగూడుతో పోల్చాడాయన. మోటుపల్లి నుంచి చీరాల మగ్గం ఎంత దూరమో గుర్తుచేసుకుంటే ఆ మాట విలువ తెలుస్తుంది. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా ఈ రేవు వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు.

రేపల్లె వైపు

తెనాలి నుంచి రేపల్లెకు పోయే చిన్న రైలు మార్గం మీద భట్టిప్రోలు స్టేషన్ ఉంది. 1892లో అలెగ్జాండర్ రే ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వి, మూడు రాతి ధాతుకరండాలు బయటికి తీశాడు. వాటి మీద ప్రాకృత భాషలో, క్రీస్తుపూర్వం 3–2 శతాబ్దాల నాటి బ్రాహ్మీ అక్షరాలున్నాయి. కుబిరకుడనే రాజు పేరు, పేటికలు చేయించిన గోష్ఠి సభ్యుల పేర్లు వాటిలో చదివారు. ఆ అక్షరాల తీరు అశోకుడి బ్రాహ్మీకి భిన్నం. తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడే ప్రతివారూ భట్టిప్రోలు దగ్గర ఆగక తప్పదు.

స్తూపం అడుగు వ్యాసం 148 అడుగులు. ఇప్పుడు కనిపించేది అందులో మిగిలిన ఇటుక దిబ్బ. రే తవ్వడానికి ముందే, 19వ శతాబ్దంలో కాలువల పనులు చేయించిన ఇంజనీర్లు ఈ దిబ్బ పాలరాయిని తీసుకుపోయి వెల్లటూరు దగ్గర తూము కట్టడానికి వాడారు. డెల్టాకు అన్నం పెట్టిన కాలువలే డెల్టా తొలి అక్షరాల గూటిని పగలగొట్టాయి. 1852–55 నాటి కృష్ణ ఆనకట్ట ఘనతను ఎంత చెప్పుకున్నా, ఈ నష్టాన్ని కూడా పక్కనే చెప్పుకోవాలి.

చందవోలు వెలనాటి చోడుల రాజధాని. శాసనాల్లో ధనదప్రోలు. లింగోద్భవస్వామి ఆలయం, ఊరి దేవత బండ్లమ్మ గుడి చూడవచ్చు. ఇంకా కిందికి వెళితే నిజాంపట్నం. యూరపు వర్తకులు పెటపోలి అని రాసుకున్న రేవు ఇదే. 1606లో డచ్చివారు, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువారు ఇక్కడ దిగారు. ఇంగ్లీషు కంపెనీ తీరాంధ్రలో మొదట కాలుపెట్టింది ఇక్కడే అయినా, దాన్ని తెలిపే పాత కట్టడమేదో చూద్దామని వెళితే నిరాశే. చేపల పడవలు, మడ చెట్లు, ఉప్పుగాలి చూసి రావాలి.

తెనాలి, చేబ్రోలు

ఉత్తరానికి వెళ్లే రైలు నిడుబ్రోలు, చుండూరు మీదుగా తెనాలి చేరుతుంది. నిడుబ్రోలు ఆచార్య ఎన్.జి. రంగా పుట్టిన ఊరు. 1930లలో ఆయన ఇక్కడ రైతు కార్యకర్తలకు పాఠాలు చెప్పే విద్యాలయం నడిపారు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. వారిని ఊరి నడిబొడ్డున సమాధి చేసిన చోటును రక్తక్షేత్రం అంటారు. పర్యాటక పుస్తకాల్లో ఈ పేరు ఉండదు. కాని ఈ నేల చరిత్ర తెలుసుకోవాలని వచ్చినవారు గుడి శాసనం ముందు ఎంతసేపు నిలబడతారో, ఇక్కడా అంతసేపు నిలబడాలి. తెనాలిలో 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమకారులు రైల్వే స్టేషన్‌కు నిప్పుపెట్టగా పోలీసు కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలిచ్చారు. రణరంగచౌక్ వారి గుర్తు.

గుంటూరు రోడ్డు మీది చేబ్రోలుకు ఒక రోజంతా కేటాయించినా తక్కువే. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కోనేటి నడుమ కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ ఆలయం చూడటానికే ఎక్కువ మంది వస్తారు. కాకతీయ గజసేనాని, నృత్తరత్నావళి రాసిన జాయప 1213లో ఈ ఊళ్లో శాసనం వేయించాడు. అన్నిటికన్నా కొత్త సంగతి 2019 డిసెంబరులో తెలిసింది. భీమేశ్వరాలయం దగ్గర స్తంభం మీద అక్షరాలున్నాయని స్థానికులు చెప్పగా పురావస్తు శాఖ శాసన నిపుణులు వచ్చి పరిశీలించారు. శాతవాహన రాజు విజయుడి అయిదో పాలనా సంవత్సరానికి, అంటే క్రీ.శ. 207కు చెందినదని తేల్చారు. దక్షిణ భారతంలో ఇంతవరకూ దొరికిన సంస్కృత శాసనాల్లో ఇదే అన్నిటికన్నా పాతదని, సప్తమాతృకల ఆరాధనను తెలిపే తొలి శాసనం కూడా ఇదేనని ప్రకటించారు. అందులో ఊరి పేరు తాంబ్రాపె. కార్తీకుడనే అతను అమ్మవారి గుడికి ప్రాసాదం, మండపం కట్టించిన సంగతి రాసివుంది. 18 శతాబ్దాలుగా ఊళ్లో ఉన్న స్తంభమది.

కాకుమాను, పెదనందిపాడు, జిల్లెళ్లమూడి

నల్లరేగడి, కొమ్మమూరు కాలువ, నల్లమడ వాగు కలిసి కాకుమాను నేలను చేశాయి. వాన ఎక్కువైతే వాగు పొంగి చేలు ముంచుతుంది, తక్కువైతే కాలువ చివరి భూములకు నీరందదు. ఈ బాధ నుంచే ఈ ప్రాంతపు రైతుకు ప్రభుత్వాన్ని అడిగే అలవాటు వచ్చిందేమో. పక్కనే ఉన్న పెదనందిపాడు ఫిర్కాలో 1922 ఆరంభంలో పన్నుల నిరాకరణోద్యమం నడిచింది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకుడు. శాంతిసేన పేరుతో వాలంటీర్లు ఊరూరా తిరిగారు, గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు, శిస్తు వసూలు ఆగిపోయింది. సైన్యం వచ్చి కవాతు చేసినా, గొడ్డూగోదా జప్తు చేసినా, జప్తు సొమ్ము వేలంలో కొనే మనిషి దొరకలేదు. ఫిబ్రవరిలో గాంధీ దేశవ్యాప్త ఉద్యమాన్ని ఆపేయడంతో ఇక్కడా ఆగింది. గుజరాత్‌లో ఇలాగే శిస్తు నిరాకరించిన బార్డోలీ సత్యాగ్రహం జరిగింది 1928లో. దాని పేరు దేశమంతా తెలుసు, ఆరేళ్ల ముందే ఆ పని చేసి చూపిన పెదనందిపాడు పేరు గుంటూరు దాటితే తెలియదు.

బాపట్ల మండలంలోని జిల్లెళ్లమూడిలో మాతృశ్రీ అనసూయాదేవి, అందరూ అమ్మ అని పిలిచే ఆమె, 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం ప్రారంభించారు. కులం, మతం, ఊరు అడగకుండా వచ్చినవారికి అన్నం పెట్టడం దాని నియమం. ఒంటరిగా తిరిగేవారికి, ముఖ్యంగా ఆడవారికి, పంక్తిలో కూర్చుని తినే ఆ భోజనం కడుపుతో పాటు ధైర్యాన్నీ నింపుతుంది.

ప్రయాణం

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఈ ప్రాంతం తిరగడానికి అనువైన కాలం. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు తుపాను భయం ఉంటుంది. 1977 నవంబర్ 19 నాటి తుపానూ దివిసీమ ఉప్పెనా ఈ తీరం మరచిపోలేదు, 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఏప్రిల్ దాటితే మధ్యాహ్నాలు చెట్టు నీడ వదలడం కష్టం.

రైలు స్టేషన్ల మధ్యకు పాసింజర్లు, ఊళ్లలోకి పల్లెవెలుగు బస్సులు, చివరి రెండు మూడు కిలోమీటర్లకు షేర్ ఆటోలు సరిపోతాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఒంటరిగా ప్రయాణించే ఆడవారికి ఇది పెద్ద అండ. మోటుపల్లి, చందవోలు వంటి చోట్లకు వెళ్లినప్పుడు తిరుగు బస్సు వేళ ముందే అడిగి తెలుసుకోవాలి, పొద్దు గుంకక ముందే బయలుదేరాలి. సూర్యలంకలో ఒంటరిగా సముద్ర స్నానానికి దిగకూడదు, ఆ అలల లోగుంజుడు కొత్తవారికి అర్థం కాదు. కార్తీక పౌర్ణమికి జనం కిక్కిరిసిపోతారు. తీరం దగ్గరే వాయుసేన స్థావరం ఉంది, అటువైపు ఫొటోలు తీయకూడదు.

గుడి తలుపులు మూసివుంటే పూజారిగారి ఇల్లు అడిగితే చెబుతారు. ఎవరు నాయనా, ఎవరి తాలూకు అని అడుగుతారు. అది ఆరా కాదు, మర్యాద. ఊరు, పని నిజం చెబితే సగం చరిత్ర వారే చెబుతారు.

రక్షణ

బాపట్ల భావనారాయణాలయం, భట్టిప్రోలు స్తూపం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఊరూరా ఉన్న చిన్న గుళ్లకు, మండపాలకు ఆ రక్షణ లేదు. జీర్ణోద్ధరణ పేరుతో పాత రాళ్లు తీసి సిమెంటు పోయడం, శాసనాల మీద సున్నం, రంగులు కొట్టడం భక్తితోనే జరుగుతున్నాయి. అయినా నష్టం నష్టమే. భట్టిప్రోలులో కాలువ ఇంజనీర్లు చేసిన పనికీ, గచ్చు కోసం శాసనం రాయిని బోర్లా పరచడానికీ ఫలితంలో తేడా లేదు. చేబ్రోలు స్తంభాన్ని ప్రపంచానికి చూపించినవారు అక్షరాలున్నాయని గమనించి కబురు పెట్టిన ఊరివారు.

కాకుమానులోనైనా, రేపల్లె లంకల్లోనైనా మీ ఊరి గుడి స్తంభం మీద, చెరువు గట్టు రాయి మీద అక్షరాలు కనిపిస్తే సున్నం గీకకండి, యాసిడ్ పోయకండి, రాయిని కదిలించకండి. ఉదయపు ఎండలో నాలుగు ఫొటోలు తీసి, ఊరి పేరు, రాయి ఉన్న చోటు రాసి మైసూరులోని పురావస్తు శాఖ శాసన విభాగానికి గాని, రాష్ట్ర పురావస్తు శాఖకు గాని పంపండి.